గోడలో చోటు లేని రాయి

ఒకానొక రాజ్యంలో అని మొదలుపెట్టగానే 'ఏ రాజ్యంలో?' అని అడ్డు తగిలేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. వాళ్ల సందేహం ముందే తీర్చేస్తాను. రాజ్యం పేరు నీలగట్టు. రాజధాని పేరూ అదే. పట్నానికి తూర్పున పెద్ద సరస్సు, ఆ సరస్సులోకి చొచ్చుకుపోయినట్టు ఒక కోట. చలికాలం పొద్దున్నే చూస్తే కోట నీళ్లమీద తేలుతోందా అనిపించేది. ఇక కథ అయ్యేదాకా అడ్డు రాకండి.

ఆ కోటను ఏ రాజూ కట్టించలేదు. రాజులు పుట్టక ముందే జనం సరస్సు అవతలి ఎర్రగుట్ట వైపు నుంచి పడవల్లో వచ్చి ఇక్కడ ఊరు కట్టుకున్నారు. వచ్చిన ప్రతి కుటుంబం గుట్ట నుంచి ఒక రాయి తేవాలని పెద్దలు కట్టడి చేశారు. తెచ్చిన రాయి మీద ఆ ఇంటి గుర్తు చెక్కి గోడలో పెట్టేవారు. కుమ్మరి ఇంటికి కుండ, జాలరి ఇంటికి చేప, గాజులమ్మే ఇంటికి గాజు. అలా రాయి మీద రాయి పడి, గోడ పెరిగి, చివరికి కోట అయింది. మరో రాయికి చోటు లేనంతగా నిండిపోయాక ఆగింది.

రాయి పెట్టి వదిలేస్తే సరిపోదు. ఏటా వానలకు సరస్సు నిండి, కోట అడుగు మెట్టును నీళ్లు తాకిన రోజు నుంచి వచ్చే పున్నమి లోపు, ఎవరి రాయి వాళ్లు కడుక్కోవాలి. పట్టిన నాచు గీకాలి, సందులో మొలిచిన రావి మొక్క పీకాలి, సున్నం రాలితే అద్దాలి. అది కూడా ఇంటివాళ్ల చేత్తోనే. కూలివాడి చెయ్యి పనికిరాదు. ఎన్ని వానలు కురిసినా ఆ గోడ బీటలు వారకపోవడానికి కారణం అదే.

పున్నమి దాటినా కడగని రాయి కనిపిస్తే దండోరావాడు డప్పు తీసుకుని వీధి వీధీ తిరిగేవాడు. "ఫలానా ఇంట మనుషులు లేరహో" అని చాటేవాడు. శిక్ష లేదు, జరిమానా లేదు. ఆ ఒక్క మాటే. ఆ మాట పడకూడదని ఒళ్లు కాలిపోయే జ్వరంతో కూడా లేచి వచ్చి రాయి కడిగినవాళ్లున్నారు.

సరే, ఇక రాజుగారి దగ్గరికి వద్దాం. ఆయన పేరు రణకంఠీరవ భూపతి. పేరుకు ముందు బిరుదులు ఇంకా ఉన్నాయి గాని, అవి చెబుతూ కూర్చుంటే మన కథ తెల్లారిపోతుంది. ఆయన ముత్తాత పై దేశం నుంచి దండెత్తి వచ్చి కోటను పట్టుకున్నాడు. వస్తూ వస్తూ ఏనుగులు తెచ్చాడు, గుర్రాలు తెచ్చాడు, భట్రాజుల్ని తెచ్చాడు. రాయి మాత్రం తేలేదు.

ఆ ముత్తాతే ఇంకో నియమం పెట్టి పోయాడు. రాజు ఎదుట ఎవరూ కూర్చోకూడదు. మంత్రులు నిలబడే ఉండాలి, పండితులు నిలబడే వాదించుకోవాలి. భోజనమైనా రాజు ఒక్కడే. అంత పొడుగు భోజనశాలలో ఈ చివర ఒక వెండి పీట, ఆ చివర తలుపు దగ్గర చేతులు కట్టుకుని వంటవాళ్లు. రాణిగారు పెళ్లయిన కొద్దికాలానికే కన్నుమూసింది. పిల్లలు లేరు. రణకంఠీరవుడు మళ్లీ పెళ్లి మాట ఎత్తనివ్వలేదు. బిరుదులు పెరుగుతూ పోయాయి, మాట్లాడే మనుషులు తగ్గుతూ పోయారు. నన్నడిగితే ఆయన మీసం మెలేసుకోవడం కూడా అందుకే. చేతులకు ఏదో ఒక పని కావాలి కదా.

ఆ సభలో ఓబన్న అని ఒకడుండేవాడు. మంత్రి కాదు, పండితుడూ కాదు. పాత రాజు, అంటే ఈయన తండ్రి, ఎక్కడో సంతలో అతని మాటలు విని నవ్వుకుని వెంట తెచ్చుకున్నాడు. ఆయన పోయాక కూడా ఓబన్న సభలో మిగిలిపోయాడు. వయసు మీద పడింది, మోకాళ్ల నొప్పి పట్టుకుంది. సభ జరిగినంతసేపూ కాసేపు కుడి కాలి మీద, కాసేపు ఎడమ కాలి మీద కొంగలా నిలబడేవాడు. అతనికి పెళ్లాం లేదు, ఊళ్లో చుట్టం లేడు. రోజంతా నలుగుర్నీ నవ్వించి, పొద్దుగూకే వేళకు రేవు వాకిలి పైనున్న తన గదికి వెళ్లి తలుపు వేసుకునేవాడు. లోపల తన దగ్గు తనకే వినిపించేది.

ఇలా ఉండగా పొరుగు రాజ్యం నుంచి ఒక యువరాజు చుట్టపుచూపుగా వచ్చాడు. కోట చూసి ముచ్చటపడ్డాడు. రాజుతో కలిసి పడవలో తిరుగుతూ, పడవ నడిపే మనిషిని "ఎంత చక్కటి గోడ, ఎవరు కట్టించారు?" అని అడిగాడు. పడవవాడు సంబరంగా తెడ్డు ఎత్తి చూపించాడు. "అదుగో దొరా, ఆ వరసలో చుక్క గుర్తు ఉందే, అది మా రాయి. దాని పక్కది మా మేనమామ వాళ్లది."

యువరాజు వినోదంగా రాజు వైపు తిరిగాడు. "మరి తమరి రాయి ఏదండీ?"

రణకంఠీరవుడు "పడవ తిప్పండి, ఎండ ఎక్కువగా ఉంది" అన్నాడు. ఆ రోజు మబ్బు పట్టి ఉంది.

ఆ మాట ఆయన్ని ముల్లులా గుచ్చింది. మర్నాడు ఆస్థాన పండితుడు నరహరి భట్టును పిలిపించాడు. భట్టు ఏ కొలతకు కావాలంటే ఆ కొలతకు చరిత్ర కుట్టిపెట్టగల మనిషి. వారం తిరక్కుండానే సభలో నిలబడి కోట చరిత్ర చదివాడు. రాజుగారి ముత్తాతకు కలలో సరస్సు దేవత కనిపించిందట, ఆయన ఒంటిచేత్తో రాళ్లన్నీ మోసి ఒక్కడే కోట కట్టాడట. ఓబన్న మధ్యలో మెల్లగా "భోజనానికి ఆగాడా, లేదా?" అని అడిగాడు. భట్టు వినిపించుకోలేదు.

చరిత్ర చదవడం అయ్యాక రాజు లేచాడు. "విన్నారుగా. ఈ కోటలో ప్రతి రాయీ మా ఇంటిదే. ఇవాళ్టి నుంచి మా రాళ్ల మీద ఇంకెవరూ చెయ్యి వేయకూడదు. దసరా వెళ్లాక రాళ్లమీదున్న పిచ్చి గీతలన్నీ చెక్కించేసి, మా సింహం గుర్తు వేయిస్తాం."

ఆ మధ్యాహ్నమే ఊళ్లో దండోరా వేయించారు.

ఆ సాయంత్రం ఓబన్న గది మెట్లెక్కుతుంటే కింద మెట్టు మీద మాచమ్మ కూర్చుని ఉంది. ఆమె సరస్సు అంచున పెరిగే తుంగతో చాపలు అల్లుకుని బతికే ముసలామె. ఒకే వానాకాలంలో జ్వరాలు వచ్చి మొగుణ్ణీ కొడుకునీ కోడల్నీ తీసుకుపోయాయి. అప్పటి నుంచి రోజూ పొద్దువాలే వేళకు వచ్చి గోడలో తన ఇంటి రాయికి వీపు ఆనించి కూర్చునేది. చాప అల్లిక గుర్తున్న రాయి అది. ఓబన్నకు ఆమె పేరు తెలుసు గాని, ఎన్నడూ పలకరించింది లేదు. కిటికీలోంచి చూసేవాడు, అంతే.

"నాయనా, దండోరా నిజమేనా?" అంది మాచమ్మ. "ముట్టుకోకూడదంటగా?"

"నిజమే అమ్మా."

"గీతలు చెక్కేస్తారంట?"

"దసరా వెళ్లాక."

ఆమె చాలాసేపు తన చేతులకేసి చూసుకుంది. "మావాళ్లు అల్లిన చాపలన్నీ చిరిగిపోయాయి నాయనా. బట్టలు పాతబడి పోయాయి. వాళ్లందరి చేతులూ తగిలిన వస్తువు లోకంలో ఇక ఆ రాయొక్కటే ఉంది. ఏటా కడిగేవాళ్లు కదా. దాన్ని కూడా నున్నగా చెక్కేస్తే నేను ఎక్కడికి పోయి కూర్చోను?"

ఎంతటివాణ్ణయినా మాటతో బోల్తా కొట్టించే ఓబన్న ఈసారి తల వంచుకుని మెట్లెక్కాడు. తన గదిలోకి వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాడు. మాచమ్మ రాయి దగ్గరికి వెళ్లింది గాని వీపు ఆనించలేదు. ముట్టుకోకూడదు కదా. జానెడు దూరంలో నిటారుగా కూర్చుంది. అది చూడలేకపోయాడు ఓబన్న.

తెల్లారి సభకు అందరికంటే ముందు వచ్చాడు. రాజు సింహాసనం మీద కూర్చోగానే నడుం వంచి దండం పెట్టాడు.

"ప్రభూ, నిన్న తమ ఆజ్ఞ విని ఒళ్లు పులకరించింది. రాళ్లన్నీ తమవే. ఎంత పెద్ద ఇల్లు, ఎంత పెద్ద బాధ్యత! అందుకే అడుగుతున్నాను. సరస్సు నీళ్లు నిన్న మెట్టు తాకాయి. తమరు ఎప్పటి నుంచి మొదలుపెడతారు?"

"ఏమిటి మొదలుపెట్టేది?"

"కడగడం ప్రభూ. ఎవరి రాయి వాళ్లే కడుక్కోవాలి కదా. నిన్నటిదాకా ఊళ్లో వాళ్లు తలా ఒకటి కడుక్కునేవాళ్లు. ఇప్పుడు అన్నీ తమవే."

రాజు కనుబొమలు ముడిపడ్డాయి. "మాకు పనివాళ్లు లేరా?"

"ఉన్నారు. కాని కూలివాడి చెయ్యి పనికిరాదని కట్టడి."

నరహరి భట్టు ముందుకు వచ్చాడు. "దీనికి శాస్త్రం ఉంది. సేవకుడి చెయ్యి ప్రభువు చెయ్యే. వాళ్లు కడిగితే ప్రభువు కడిగినట్టే."

"చాలా బాగుంది భట్టుగారూ" అన్నాడు ఓబన్న. "వాళ్ల చేతులు ప్రభువు చేతులైతే, వాళ్ల తలలు కూడా ప్రభువు తలలే అవుతాయిగా? రేపు వంటవాడు కిరీటం పెట్టుకుని గుమ్మంలోకి వస్తే మీరు వంగి దండం పెడతారా, లేక ఉప్మా అడుగుతారా?"

వెనక ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. భట్టు ఇంకో దారి వెతికాడు. "పోనీ, ఈ ఏడు కడగడం మానేస్తే ఏమవుతుంది?"

"ఏమీ కాదు. పున్నమి వెళ్లాక దండోరావాడు బయల్దేరతాడు. వాణ్ణి ఆపడానికి వీల్లేదు. ప్రభువులు పట్టాభిషేకంనాడు సరస్సు నీళ్లు దోసిట పట్టి, రాళ్ల కట్టడి తప్పనని ఒట్టేశారు. వాడు వీధి వీధీ తిరిగి, రాజుగారి ఇంట..." ఓబన్న అక్కడ ఆగాడు.

మిగతా మాట చెప్పాల్సిన పని లేకపోయింది. రాజుగారి ఇంట మనుషులు లేరహో. సభలో అందరూ లోలోపల విన్నారు. ఆ మాట అబద్ధమైతే ఎవరో ఒకరు నవ్వి ఉండేవాళ్లు. ఎవరూ నవ్వలేదు. ఓబన్నకు తను వేసిన దెబ్బ తనకే తగిలినట్టయింది. ఆ మాట తన గదికి కూడా సరిపోతుందని అతనికి తెలుసు.

రణకంఠీరవుడు సింహాసనం పిడి మీద చెయ్యి వేసి లేచాడు. "మేమే కడుగుతాం. ఎంత గోడ అది?"

ఎంత గోడో ఆయనకు నిజంగానే తెలియదు. పుట్టింది మొదలు ఆ గోడను లోపలి నుంచో, దూరంగా పడవలోంచో చూడటమే గాని, రేవు వాకిలి దాటి కాలినడకన బయటికి వచ్చింది లేదు. మర్నాడు పొద్దున్నే వచ్చి చూశాడు. గోడకూ నీళ్లకూ మధ్య ఇద్దరు మనుషులు నడిచేటంత గట్టు. గట్టు మీద నిలబడి తల ఎత్తితే రాళ్లు. కుడివైపు చూస్తే రాళ్లు. ఎడమవైపు గోడ వంపు తిరిగి కనుచూపు ఆగేదాకా రాళ్లు. పై వరసలకు తాళ్లు కట్టి దిగాలి.

గొడుగు పట్టేవాడు దగ్గరికి రాబోతే ఓబన్న ఆపాడు. "ఏమయ్యా, ప్రభువుల రాళ్ల మీద నీ నీడ పడితే? చెయ్యి తగిలితే? దండోరా వినలేదా?" గొడుగువాడు బెదిరి వెనక్కి వెళ్లాడు. నీళ్లు మోసేవాడూ వెళ్లాడు. వింజామరవాడూ వెళ్లాడు. అందరూ రేవు వాకిలి లోపల బారులు తీరి నిలబడ్డారు. గట్టు మీద ఒక బిందె, ఒక కొబ్బరి పీచు, ఒక రాజు మిగిలారు.

మొదటి రాయి సగం కడిగేసరికి కిరీటం జారి ముక్కు మీదికి వచ్చింది. తీసి గట్టు మీద పెట్టాడు. రెండో రాయికి అంగవస్త్రం నడుముకు చుట్టాడు. మీసం మెలేసేందుకు చెయ్యి ఎత్తితే చేతినిండా నాచు. ఊళ్లో జనం పడవల్లోంచి చూశారు, కానీ దగ్గరికి రాలేదు. దండోరా వాళ్లూ విన్నారు కదా. సరస్సు మీద ఎక్కడో నీటికోడి అరిచింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

మధ్యాహ్నానికి ఆయన గుర్తులు చూడటం మొదలుపెట్టాడు. దువ్వెన గుర్తు. గొర్రె కొమ్ము. ఒకచోట చిన్న బిడ్డ పాదం గుర్తు. ఆ ఇంటివాళ్లు ఏం పని చేసేవాళ్లో ఆయనకు బోధపడలేదు. అడుగుదామంటే పక్కన ఎవరూ లేరు. ఆ రాయి వరకు వచ్చేసరికి రాజు పెదవులు కదిలాయి. రాళ్లతో మాట్లాడుతున్నాడని పడవవాళ్లు చెప్పుకున్నారు. నేను చూడలేదు, విన్నదే చెబుతున్నాను.

పొద్దువాలే వేళకు మాచమ్మ వచ్చింది. రాజును చూసి ఆగింది. తర్వాత తన చోటుకు వెళ్లి, రాయికి జానెడు దూరంలో కూర్చుంది.

రాజు నడుం పట్టుకుని తిరిగాడు. "మా ఎదుట కూర్చోకూడదని తెలియదా?"

"తెలుసు మారాజా. మోకాళ్లు నిలబడనీయవు. తప్పయితే రేపు శిక్ష వేయండి, ఇవాళ్టికి కూర్చోనివ్వండి."

అలా జవాబు చెప్పినవాళ్లు ఆయనకు అంతవరకు తగల్లేదు. రాజు చేతిలో పీచు అటూ ఇటూ తిప్పాడు.

"ఈ రాయి ఎవరిది?"

"మొన్నటిదాకా మాది. ఇప్పుడు మీది."

"రోజూ ఎందుకొస్తావు?"

"ఇంట్లో ఎవరూ లేరు. సాయంత్రమైతే ఇల్లు మరీ పెద్దదైపోతుంది. ఒక్క గది గుడిసే గాని, పెద్దదైపోతుంది. అందుకని ఇక్కడికొస్తాను." ఆమె రాజు ముఖంలోకి చూసింది. "మీకు తెలియదులెండి. కోటనిండా జనమేగా మీకు."

రాజు వంగి బిందెలో పీచు ముంచి, చాప అల్లిక రాయిని కడగసాగాడు. గీతల్లో నాచు బాగా పట్టుకుని ఉంది. మాచమ్మ చూస్తూ కూర్చుంది. ఆమె చేతులు ఒళ్లో వాటంతటవే కదిలాయి, రాయి మీద ఉన్నట్టే.

"నీ తర్వాత దీన్ని ఎవరు కడుగుతారు?" అని అడిగాడు రాజు కాసేపటికి.

"ఎవరున్నారు? అసలైతే దండోరా వేసేవాళ్లు, చాపలవారింట మనుషులు లేరని. వేసినా నిజమేగా. ఇప్పుడా బాధ కూడా లేదు, మీ రాయే కదా." ఆమె చిన్నగా నిట్టూర్చింది. "కానీ మారాజా, ఆ మాట నేను పోయాక వస్తుందనుకున్నాను. ఉండగానే గీతలు పోతాయనుకోలేదు."

రాజు కడగడం ఆపాడు. రాయి మీద చెయ్యి అలాగే ఉంచి సరస్సు వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత జరిగి, ఆ చోటు ఆమెకు చూపించాడు. "ఆనుకో. కాసేపు."

"దండోరా?"

"వేయించింది మేమే. మాకు తెలియదా?"

మాచమ్మ తడి రాయికి వీపు ఆనించి కళ్లు మూసుకుంది. పైన కిటికీలో ఓబన్న వెనక్కి తప్పుకున్నాడు. గెలిచాననిపించలేదు అతనికి. తను ఇన్నేళ్లుగా ఆ కిటికీలోంచి చూస్తూ ఊరుకున్నాడు. పొగరుబోతనుకున్న రాజు మొదటి రోజే పలకరించాడు.

రాజు మర్నాడూ వచ్చాడు, ఆ మర్నాడూ వచ్చాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. కడిగిన రాళ్లు దోసెడు, కడగనివి కొండంత. పున్నమి దగ్గర పడింది. ఒక ఉదయం సభకు రాగానే ఓబన్నను ముందుకు పిలిచాడు.

"ఓబన్నా, నువ్వు ఇదంతా కావాలనే చేశావు."

"అవును ప్రభూ."

భట్టు ముఖం వికసించింది. ఓబన్న తల పోయిందని అందరూ అనుకున్నారు.

"గోడంతా మాదే అన్నాం" అన్నాడు రాజు మెల్లగా. "కడుగుతుంటే తెలిసింది. మాది కానిదే కడుగుతున్నాం. ఎవరి రాయి వాళ్లకే ఇచ్చేస్తున్నాం. గీతలు చెక్కే పని లేదు. సింహం వద్దు. వెళ్లి చాటించండి."

దండోరా విన్న ఊరు ఊరంతా బిందెలతో గట్టు మీదికి పరుగెత్తింది. ఆ సందడి సభలోకి వినిపించింది. పిల్లల కేకలు, నీళ్ల చప్పుడు, ఎవరో ఎవరినో పేరు పెట్టి పిలవడం. రాజు తల వంచుకుని విన్నాడు.

"అయితే ఓబన్నా, పున్నమి వస్తోంది" అన్నాడు. "మాకు కడగడానికి ఒక్క రాయి కూడా లేదు. దండోరావాడు మా పేరు చాటుతాడా?"

"చాటడు ప్రభూ. రాయి ఉన్న ఇంటికే దండోరా. తమరు ఇంకా ఊరికి రాలేదు."

"మా ముత్తాత వచ్చాడుగా?"

"ఆయన కోటకు వచ్చారు. ఊరికి వచ్చేదారి ఎర్రగుట్ట మీదుగా ఉంది. ఇన్ని తరాలు ఆలస్యమైంది గాని, దారి మూసేయలేదు."

రాజు ఆ మధ్యాహ్నమే పడవెక్కాడు. వెంట ఓబన్న ఒక్కడే. ఎర్రగుట్ట మీద తిరిగి తిరిగి, మనిషి మోయలేనిది కాకుండా, మరీ చిన్నదీ కాకుండా, పీట ఆకారంలో ఉన్న రాయి ఒకటి ఎంచుకున్నాడు. ఇద్దరూ కలిసి దొర్లించి పడవలోకి చేర్చారు. సగం దారిలో పడవ ఒకవైపు ఒరిగితే ఇద్దరూ రెండో వైపు వెళ్లి కూర్చున్నారు. రాజు ఎదుట కూర్చోవడం ఓబన్నకు అదే మొదటిసారి. పడవ మునగకూడదు గనుక ఎవరూ తప్పు పట్టలేదు.

రేవుకు చేరాక అసలు చిక్కు తేలింది. గోడలో చోటు లేదు. నరహరి భట్టు అటూ ఇటూ తిరిగి, సింహద్వారం పక్కన కుండ గుర్తు రాయిని చూపించాడు. "దీన్ని పీకి, ప్రభువుల రాయి పెడితే శోభగా ఉంటుంది."

"కుమ్మరి ఇంటివాళ్లు ఎక్కడికి పోవాలి?" అన్నాడు రాజు.

భట్టు తల గోక్కున్నాడు. ఆ ప్రశ్న రాజు నోట వస్తుందని అతను ఊహించలేదు.

"ప్రభూ, గోడ నిండింది గాని గట్టు నిండలేదు" అన్నాడు ఓబన్న. "నిలబెట్టడానికి చోటు లేని రాయి కూర్చోవడానికి పనికొస్తుంది. దించిన చోటే ఉంచేద్దాం."

దించిన చోటు మాచమ్మ రాయికి పక్కనే. ఆమె తన తుంగ తట్ట పక్కకు జరిపి చోటిచ్చింది. రాతిపనివాడు ఉలి తీసుకుని వచ్చి సింహం గుర్తు వేయమంటారా అని అడిగాడు.

రాజు రాయి మీద కూర్చుని కాస్త సర్దుకున్నాడు. "వద్దు. సింహం మీద కూర్చుంటే గుచ్చుకుంటుంది."

ముందు ఎవరూ నవ్వలేదు. రాజుగారు హాస్యమాడటం అలవాటు లేక, నవ్వచ్చో లేదో తెలియలేదు. మాచమ్మ ముందు నవ్వింది. తర్వాత పడవవాళ్లు నవ్వారు.

మిగతా వాళ్లందరూ వెళ్లిపోయాక, నీళ్ల మీద ఎండ పలచబడ్డాక, రాజు మెడలోని ముత్యాల హారం తీసి ఓబన్న వైపు చాపాడు. "తీసుకో. ఇది చాలకపోతే ఇంకేదైనా అడుగు. అగ్రహారం అడిగినా ఇస్తాం."

ఓబన్న కుడి కాలి మీంచి ఎడమ కాలి మీదికి మారాడు. "హారం నాకెందుకు ప్రభూ? వేసుకుని ఎవరికి చూపించను? అగ్రహారం తీసుకుంటే అక్కడా ఒక్కణ్ణే ఉండాలి. నాకు గోడలో రాయి లేదు. మోకాళ్లలో మాత్రం నొప్పి ఉంది. ఇవ్వదలుచుకుంటే తమ రాయిలో సగం ఇప్పించండి."

రణకంఠీరవ భూపతి అతన్ని ఎగాదిగా చూశాడు. ఆయనకు నవ్వు ముందు పొట్టలో మొదలైంది. తర్వాత భుజాలు కదిలాయి. చివరికి అది ఎంత పెద్దదైందంటే రేవు వాకిలి లోపల నిలబడ్డ గొడుగువాడు భయపడి బయటికి తొంగి చూశాడు. ఆ నవ్వు సరస్సు మీదుగా వెళ్లి ఎర్రగుట్టకు తగిలి తిరిగొచ్చింది.

నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, రాజు పక్కకు జరిగాడు.

ఓబన్న కూర్చున్నాడు. ముగ్గురూ నీళ్లకేసి చూస్తూ ఉండిపోయారు. ఆ సాయంత్రం ఓబన్న తన గదికి ఎప్పటికంటే ఆలస్యంగా వెళ్లాడు.

ఆ తర్వాత ఏటా పున్నమి లోపు రాజు తన రాయిలో సగం తనే కడిగేవాడు, మిగతా సగం ఓబన్న కడిగేవాడు. సభలో పీటలు వేయించారు. కొన్నేళ్లు గడిచాయి. ఒక చలికాలం మాచమ్మ పోయింది. వానలు వచ్చాయి, సరస్సు నిండి నీళ్లు మెట్టు తాకాయి. పున్నమి వెళ్లిన మర్నాడు దండోరావాడు డప్పు భుజాన వేసుకుని, చాపలవారింటి రాయి దగ్గరికి ముందుగా వచ్చాడు. ఈ ఏడు చాటాల్సింది ఈ ఇంటిపేరే అని అతనికి తెలుసు.

రాయి తడిగా ఉంది. గీతల్లో ఎక్కడా నాచు లేదు. సందులో కొత్త సున్నం ఇంకా ఆరలేదు.

వెంట వచ్చిన నరహరి భట్టు దగ్గి గొంతు సవరించుకున్నాడు. "ఇది ఇంటివాళ్ల చెయ్యి కాదు. కట్టడి ప్రకారం దండోరా వేయాల్సిందే."

పక్క రాయి మీద కూర్చున్న ఓబన్న తల తిప్పాడు. "రోజూ పక్కన కూర్చున్నవాళ్లు ఇంటివాళ్లు కారని ఏ శాస్త్రంలో ఉందో చూపించండి భట్టుగారూ."

అతని పక్కన కూర్చున్న రాజు తన చేతికి అంటిన సున్నం కడుక్కోవడానికి వంగి నీళ్లలో చెయ్యి పెట్టాడు. దండోరావాడు అది చూసి, డప్పు వీపు మీదికి తిప్పుకుని ఇంటికి వెళ్లిపోయాడు.